పూల్ యాప్‌లో ‘ఫ్రీజ్ ప్రొటెక్షన్’ ఉంటే చాలా? నేనైతే నమ్మను!

అమెరికాలో ఇంట్లో పూల్ ఉన్న మనవాళ్లు చాలామంది స్మార్ట్ కంట్రోలర్ పెట్టించుకుని ఇక చలికాలానికి ఢోకా లేదనుకుంటారు. నేను ఒప్పుకోను. ఫ్రీజ్ ప్రొటెక్షన్ చేసే పని ఒక్కటే. చలి బాగా పెరిగితే సెన్సార్ చూసి పంపు ఆన్ చేస్తుంది. కదిలే నీరు అంత త్వరగా గడ్డకట్టదు. మరి కరెంట్ పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో అదే జరిగింది. పంపులు ఆగిపోయి చాలా ఇళ్లలో పూల్ పైపులు, ఫిల్టర్లు పగిలాయి. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కదా!

మిన్నెసోటా లాంటి చోట్ల నా ఓటు పాత పద్ధతికే. నీటి మట్టం తగ్గించి, పైపుల్లోకి గాలి కొట్టి నీళ్లు బయటకు పంపి, ప్లగ్గులు బిగించాలి. పంపు, ఫిల్టర్, హీటర్ ఖాళీ చేసి, పూల్‌కి కవర్ వేయాలి. టెక్సస్‌లో ఉంటే, కనీసం డ్రెయిన్ ప్లగ్గులు ఎక్కడున్నాయో ఇప్పుడే చూసిపెట్టుకోండి. కరెంట్ పోయాక వాటిని మీరే విప్పాలి, యాప్ విప్పదు.