భిలాయిలో ఏమి చదువుతున్నారు?

రాజధానిలో ఇద్దరు పరిచయస్తులు ఎదురుపడితే మొదట వినిపించే ప్రశ్న "ఏమిటి విశేషాలు?" అన్నది. "ఏమి చదువుతున్నారు?" అని అడిగేవారు అరుదు. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలోనైతే ఆ ప్రశ్న అసలే వినిపించదు. కాని ఒక సమాజం రేపు ఏమి ఆలోచించబోతున్నదో తెలుసుకోవాలంటే మొదటి ప్రశ్నకంటె రెండవదే ఎక్కువ అక్కరకు వస్తుంది. ఏ పుస్తకం ఎవరి చేతికి అందుతున్నది, దానిని ఎవరు ఎవరికి సిఫారసు చేస్తున్నారు, ఎవరికి అందకుండా పోతున్నది అన్నవి కేవలం సాహిత్య గోష్ఠులలో చర్చించుకొనే సంగతులు కావు. తపాలా రేట్లతో, భాషా విధానంతో, గ్రంథాలయ చట్టాలతో ముడిపడిన రాజకీయ సమస్యలు. ఇందుకు భిలాయి ఉక్కునగరంకంటె మంచి నిదర్శనం దొరకదు.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ పట్టణం పొరుగున ఈ కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో, 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్‌లో వున్న ఈ ఊరికి తెలుగువారు రావడం వింత కాదు. రాయపూర్‌ను విజయనగరంతో కలిపిన రైలుమార్గం 1931లోనే పూర్తి అయినది. పని వెదుక్కుంటూ బయలుదేరిన ఉత్తరాంధ్ర శ్రామికునికి ఆ దారి సుపరిచితం. పునాదులు తవ్వినవారు, కొలిమి ముందు నిలిచినవారు, గుమాస్తాలుగా కుదురుకున్నవారు క్రమంగా ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. సెక్టార్-5లో బాలాజీ ఆలయం వెలిసింది. ఇక్కడి తెలుగువారు తమ సంస్థకు పెట్టుకున్న పేరు ఆంధ్ర సాహిత్య సమితి. పొట్టచేత పట్టుకొని పరాయి ప్రాంతానికి వచ్చినవారు తమ సంస్థ పేరులో కులాన్నీ, జిల్లానూ కాక సాహిత్యాన్ని నిలుపుకోవడం గమనించదగిన విషయం.

భిలాయికి యంత్రాలను పంపిన దేశమే తెలుగు పాఠకులకు పుస్తకాలనూ పంపింది. మాస్కోలోని ప్రగతి, మీర్, ఆ తరువాత రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన గ్రంథాలు విశాలాంధ్ర ద్వారా తెలుగునాట అతి చౌకగా లభించేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. అంతకు చాలా ముందే గోర్కీ నవలను క్రొవ్విడి లింగరాజు "అమ్మ"గా తెలుగువారి ఇంటికి తెచ్చారు. ఆస్త్రోవ్‌స్కీ నవలకు మూలంలో వున్న పేరు ఉక్కు పదునెక్కిన తీరును గురించినది. తెలుగులో అది "కాకలు తీరిన యోధుడు" అయినది. ఉక్కు అన్న మాట పోయినా కొలిమి వేడి మిగిలిన ఆ పేరు భిలాయి కార్మికునికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకాలను తలచుకొని నిట్టూర్చేవారు ఒక నిజం మరువరాదు. అవి చౌకగా రావడానికి కారణం ఒక ప్రభుత్వం ఆ ఖర్చును భరించడమే. ఖర్చు భరించిన ప్రభుత్వమే మనం చదవకూడని పుస్తకాలను కూడా నిర్ణయించింది. టాల్‌స్టాయ్, చెఖోవ్ వచ్చిన ఓడలో సోల్జెనిత్సిన్ రాలేదు. అయినప్పటికీ నెలజీతంపై బతికే కుటుంబం ఇంటిలో ఒక పుస్తకాల అర ఏర్పరచుకోగలిగిందంటే అది ఆ చౌక ధరల పుణ్యమే.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనది. ఆ పుస్తకాల రాక నిలిచిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 28న, ఒకప్పుడు ఈ కర్మాగారంలోనే పనిచేసి, ఆపైన ఛత్తీస్‌గఢ్ కార్మికులకు నాయకుడైన శంకర్ గుహ నియోగి భిలాయిలో నిద్రలో వుండగా హత్యకు గురి అయినారు. ఈ రెండు ఘటనలకూ పరస్పర సంబంధం లేదు. కాని కార్మికుడు చదవాలి, చర్చించాలి, తన బతుకును తానే తీర్చిదిద్దుకోవాలి అన్న విశ్వాసానికి ఆ సంవత్సరం ఇంటా బయటా దెబ్బ తగిలిందనడం అతిశయోక్తి కాదు.

అయితే సోవియట్ పుస్తకం భిలాయిలో పూర్తిగా అంతరించలేదు. భౌతికశాస్త్రంలో ఇరోదోవ్ కూర్చిన లెక్కల పుస్తకం ఐఐటీ ప్రవేశపరీక్షకు కూర్చునే విద్యార్థుల బల్లలపై నేటికీ కనిపిస్తుంది. భిలాయి పిల్లలకు ఆ పరీక్షపై మక్కువ పాతది. 2016లో ఐఐటీయే ఇక్కడికి వచ్చింది. పరీక్ష సిఫారసు చేసిన పుస్తకానికి దేశాలు మాయమైనా పాఠకుల కొరత వుండదు. తాత గోర్కీని చదివిన ఇంటిలో మనుమడు ఇరోదోవ్‌ను చదువుతున్నాడు. ఇందులో తప్పేమీ లేదు. కాని మార్కులు రాని పుస్తకాన్ని ఆ కుర్రవానికి సిఫారసు చేయవలసినది ఎవరు?

హిందీవారి నుంచి ఇందుకు ఒక జవాబు వచ్చింది. రాజ్‌నంద్‌గావ్‌లో పుట్టి రాయపూర్‌లో స్థిరపడిన వినోద్ కుమార్ శుక్లా నవల "దీవార్ మేఁ ఏక్ ఖిడ్కీ రహతీ థీ" 1999లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. పాతికేళ్ల తరువాత ఆ పుస్తకాన్ని యువతీయువకులు సెల్‌ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకొని కొనడం మొదలుపెట్టారు. 2024 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం కూడా ఆయనకే దక్కింది. 2025లో ఆరు మాసాల అమ్మకాలకుగాను ఆ ఒక్క నవలపై ప్రచురణకర్త 30 లక్షల రూపాయల రాయల్టీ చెల్లించినప్పుడు హిందీ సాహిత్యలోకం నివ్వెరపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశారు. ఫోను పుస్తకానికి శత్రువని నిత్యం వాపోయే పెద్దలు ఈ ఉదంతాన్ని జాగ్రత్తగా పరిశీలించవలసివున్నది. సిఫారసు ఫోనులో జరిగింది, చదివినది అచ్చుపుస్తకాన్ని.

భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ హిందీ సంపద అందుబాటులో వున్నది. సంతోషమే. కాని ఇంటిలో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరం ప్రవాసాంధ్రుల ప్రతి కుటుంబంలోనూ ఎదుగుతున్నది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350-ఎ అధికరణం ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. ఆ అధికరణం గురించి ఢిల్లీలో ఉపన్యాసాలు విన్నంతగా దాని అమలు గురించి వినలేదు.

అక్షరం రాకపోతే సాహిత్యం రాదా అని ఎవరైనా అడగవచ్చును. భిలాయి సమీపంలోని గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్‌బాయి బడిచదువు లేకుండానే తాతగారి నోట విన్న భారతాన్ని పండవానీగా ప్రపంచమంతటా వినిపించారు. ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది. 2019లో ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. నిజమే. కాని ఆమెకు కథ వినిపించే తాతగారున్నారు. నేటి అపార్టుమెంటులో ఆ తాతగారు శ్రీకాకుళంలో వుంటారు, మనుమడు భిలాయిలో వుంటాడు. వారిద్దరి మధ్య ప్రయాణించవలసినది పుస్తకమే.

ఆ ప్రయాణానికి ఢిల్లీ ఏమి చేసింది? 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నాల మధ్య వందేభారత్ రైలు మొదలైనది. మనిషి వెళ్లే వేగం పెరిగింది. మరి మూడు మాసాలకే, డిసెంబరు 18న, దశాబ్దాలుగా చిన్న ప్రచురణకర్తలను బతికించిన బుక్‌పోస్టు సదుపాయాన్ని తపాలాశాఖ చడీచప్పుడు లేకుండా రద్దు చేసింది. వంద రూపాయల కవితా సంపుటిని పంపడానికయ్యే ఖర్చు ఆ పుస్తకం ధరతో పోటీపడే స్థితి వచ్చింది. ప్రచురణకర్తలు మొరపెట్టుకోగా 2025 మే 1 నుంచి "జ్ఞాన్ పోస్ట్" అన్న కొత్త సేవ ప్రారంభమైనది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. ఈ సవరణ స్వాగతించదగినదే.

కాని నిబంధనలు చదివితే కొన్ని సందేహాలు కలుగుతాయి. పాఠ్యగ్రంథాలకు, పోటీపరీక్షల పుస్తకాలకు, సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకు ఈ సేవ వర్తిస్తుంది. వ్యాపార ప్రచురణలకు, నియతకాలిక పత్రికలకు వర్తించదు. కథల సంపుటి సాంస్కృతిక గ్రంథమా, వ్యాపార ప్రచురణా? కౌంటరు వద్ద కూర్చున్న ఉద్యోగి ఆ క్షణంలో ఎట్లా తలిస్తే అట్లా తేలవలసిన విషయమా ఇది? ఇరోదోవ్ నిశ్చింతగా ప్రయాణం చేస్తాడు, కారా మాస్టారి కథలకు మాత్రం వివరణ చెప్పుకోవలసివస్తుంది. ఇక చిన్న సాహిత్య మాసపత్రిక సంగతి చెప్పనే అక్కరలేదు. నవలలు, కథలు, కవిత్వం, అనువాదాలు ఈ సేవ పరిధిలోకి వస్తాయని ఒక్క వాక్యం చేర్చడానికి కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. మన పార్లమెంటు సభ్యులలో ఒక్కరైనా ఈ ప్రశ్న వేయవలసివున్నది.

రెండవది గ్రంథాలయాల సంగతి. రాజ్యాంగం గ్రంథాలయాలను రాష్ట్రాల జాబితాలో, 12వ అంశంగా వుంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు రాష్ట్ర సరిహద్దు దాటి ప్రవాసాంధ్రుని దరిచేరదు. అతడు నివసించే రాష్ట్రానికి తెలుగు పుస్తకం కొనవలసిన ఒత్తిడి లేదు. అయితే భిలాయి టౌన్‌షిప్ కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ కట్టిన ఊరు. అక్కడ పనిచేసేవారి భాషలన్నిటిలోనూ ఏటా కొన్ని పుస్తకాలు కొని పాఠకులకు అందుబాటులో వుంచడం ఆ సంస్థకు భారం కానేరదు. సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్టు ఇందుకు చేయూత నివ్వవచ్చును.

ప్రభుత్వాలు చేసేదాకా పాఠకులు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలలో పడవపై గ్రంథాలయం నడిపినప్పుడు ఏ మంత్రిత్వశాఖ అనుమతికోసమూ వేచివుండలేదు. నేడు దుర్గ్ వెళ్లే రైలెక్కే ప్రతి తెలుగువాడూ సంచిలో ఒక పుస్తకం పెట్టుకోవచ్చును, తిరిగి వచ్చేటప్పుడు శుక్లా నవలను అడిగి తెచ్చుకోవచ్చును. భిలాయిలోని బంధువుకు ఫోను చేసినప్పుడు పిల్లవాని ర్యాంకు ఎంత అని అడిగిన తరువాతనైనా, ఏమి చదువుతున్నాడని అడగడం మరువరాదు. అతడు తెలుగు చదవలేడని జవాబు వస్తే పంపవలసినది పెద్దబాలశిక్ష. దానికి జ్ఞాన్ పోస్ట్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.