ఉద్యోగం వెతికే ముందు ఒక తెల్లకాగితం

ప్రకటన కనబడగానే బయోడేటా పంపేయడం మనలో చాలామందికి అలవాటు. సరుకుల చీటీ లేకుండా కొట్టుకెళితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. కావలసింది మర్చిపోతాం, అక్కర్లేనిది మోసుకొస్తాం. ఉద్యోగమూ అంతేనండీ.

మా పిన్ని కూతురు బి.కాం. చదివింది. పెళ్ళయి పదకొండేళ్ళు ఇంటిపట్టునే ఉంది. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు కదా అని కిందటేడు ఒక బట్టల షాపులో బిల్లులు వేసే పనిలో చేరింది. జీతం 11 వేలు. రాత్రి తొమ్మిదిన్నరకు గానీ వదలరు. ఆటోకి 2 వేలు, సాయంత్రాలు పిల్లల్ని చూసే ఆవిడకి 3 వేలు, ఓపిక లేక తెప్పించే కర్రీ పాయింటు కూరలకి 1,500. మిగిలింది 4,500. నాలుగు నెలలకే మానేసి, "ఉద్యోగాలు నా వల్ల కావక్కా" అంది.

ఆ మాటే నాకు కష్టమనిపించింది. ఆ ఉద్యోగం కుదరలేదంతే, తను పనికిరానిదైపోతుందా? ఇద్దరం కూర్చుని కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాశాం.

1. ఎందుకు చేయాలి? డబ్బుకా, చదివిన చదువు కోసమా, నలుగురిలో ఉండటానికా?

2. ఖర్చులు పోను చేతికి ఎంత మిగలాలి?

3. ఎంత దూరం, ఏ వేళలు? ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి టిక్కెట్టు లేదు. ఆటో లెక్క దానితో మారుతుంది.

4. మూడేళ్ళకి ఏ పనిలో ఉండాలి?

నాలుగో దానికి తను "అకౌంట్స్" అని రాసింది. తను చదివే రోజుల్లో ఉన్నది వ్యాట్. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చింది. అంటే ముందు జీఎస్టీ, ట్యాలీ నేర్చుకోవాలి, ఆ తర్వాతే వెతకాలి. ఆడిటర్ల ఆఫీసుల్లో నెలనెలా 11, 20 తేదీల ముందు రిటర్నుల హడావుడి ఉంటుంది. ఆ రోజుల్లో ఎన్నింటికి వదులుతారో చేరకముందే అడగమన్నాను.

చంటిపిల్లలున్న చెల్లెళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడకండి.

మరిదిగారు మొదట "ఇప్పుడెందుకివన్నీ?" అన్నారట. కాగితం చూశాక సాయంత్రం పిల్లల హోంవర్కు తన వంతు అన్నారు. తను ఇప్పుడు ట్యాలీ నేర్చుకుంటోంది. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ "నా వల్ల కాదు" అనడం మానేసింది.

మీరూ ఈ వారం రాసి చూడండి. రాసింది చీరల మడతల్లో దాచకుండా, ఇంట్లో అందరికీ కనబడేలా క్యాలెండరు పక్కన తగిలించండి.