లెక్కలో లేని తుపాకులు

2021 జనవరి 22 ఉదయం తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని హోసూరులో, బాగలూరు రోడ్డులోని ముత్తూట్ ఫైనాన్స్ శాఖలోకి ఒక ముఠా చొరబడింది. సిబ్బందికి తుపాకులు గురిపెట్టి సుమారు 25 కిలోల బంగారం ఎత్తుకుపోయింది. మర్నాటికల్లా ఆ ముఠా హైదరాబాద్ శివార్లలో సైబరాబాద్ పోలీసులకు దొరికిపోయింది. వాళ్ల దగ్గర ఏడు తుపాకులు పట్టుబడ్డాయి. దేశంలో ఎంత కఠినమైన ఆయుధ చట్టం ఉన్నా, లైసెన్సు లేని తుపాకులు రాష్ట్రాల సరిహద్దులు దాటి ఎలా తిరుగుతున్నాయో ఆ ఒక్క ఘటన చాటింది.

అయితే కృష్ణగిరి జిల్లా తుపాకీ కథలో ఆ దోపిడీ ఒక చిన్న భాగమే. అసలు కథ హోసూరు దాటి డెంకణికోట, తళి, అంచెట్టి వైపు సాగితే తెలుస్తుంది. అక్కడున్నది నాటు తుపాకీ. గొట్టం మూతి నుంచి తుపాకీ మందు పోసి, పీచు కుక్కి, పైన సీసపు గుండ్లు వేసి, ఇనుప చువ్వతో దట్టించి పేల్చేది. గొట్టం నాసిరకమైతే కాల్చినవాడి చెయ్యే పోతుంది. రాగి చేను కోతకొచ్చే రోజుల్లో బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి అడవుల మీదుగా దిగుతాయి. అడవి పందులకు కాలంతో పనే లేదు. ఒక్క రాత్రిలో ఏడాది తిండి నేలపాలవుతుంటే మంచె మీద కూర్చున్న రైతు డబ్బా వాయిస్తాడు, టపాకాయ కాలుస్తాడు, చివరికి చూరులో దాచినదాన్ని బయటికి తీస్తాడు. చీకట్లో ఆకు కదిలినవైపు పేల్చే ఆ గుండుకు పంది ఏదో మనిషి ఎవరో తెలియదు. అదే తుపాకీ జింక మాంసం అమ్ముకునే వేటగాడికీ అక్కరకొస్తుంది. పొలం గట్టు తగాదా ముదిరిన రోజు పొరుగువాడి మీదికీ లేస్తుంది.

లైసెన్సు లేని తుపాకులు అప్పగించమని, కేసులు పెట్టబోమని పోలీసులు ఈ జిల్లాలో పలుమార్లు ప్రకటించారు. జనం కొన్నింటిని తెచ్చి అప్పగించారు కూడా. అయినా కొన్నాళ్లకు మళ్లీ అదే ప్రకటన చేయాల్సి వస్తోంది. తుపాకీ అవసరం తీరకుండా తుపాకీని మాత్రమే తీసుకుంటే జరిగేది ఇదే.

నిజానికి చట్టం రైతును పూర్తిగా మరిచిపోలేదు. 1959 నాటి ఆయుధ చట్టంలోని 13వ సెక్షన్, పంట రక్షణ కోసం మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని స్పష్టంగా చెబుతోంది. 2019 సవరణ శిక్షలను పెంచింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. దొంగచాటుగా తయారు చేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఒక సెక్షన్ తలుపు తెరిచింది, ఇంకో సెక్షన్ భయపెడుతోంది. రెండెకరాల రైతుకు ఆ తలుపు కన్నా ఈ భయమే ముందు తెలుస్తుంది. అందుకే అతను దరఖాస్తు పెట్టడు, దాచుకుంటాడు.

స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం భారత పౌరుల చేతుల్లో 7.11 కోట్ల తుపాకులుంటే అందులో నమోదైనవి 97 లక్షలే. మిగిలినవి ఎవరింట్లో ఉన్నాయో, ఎవరి చేతికి మారాయో ప్రభుత్వానికి తెలియదు. పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని కొడగుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడి కొడవలకు బ్రిటిష్ కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకీకి పూజ చేస్తారు. ఆ మినహాయింపును 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. ఇతర సమాజాలకు లేని వెసులుబాటు ఒక్కరికే ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ అక్కడ మినహాయింపు పత్రం ఉంటుంది, ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో అధికారులకు తెలుస్తుంది. అంచెట్టి చూరులోని గొట్టం గురించి ఎవరికీ తెలియదు.

లెక్కే కాదు, తుపాకుల సంఖ్య కూడా ముఖ్యమేనని అమెరికా చూపిస్తోంది. అదే సర్వే అంచనా ప్రకారం అక్కడ వంద మందికి 120 తుపాకులున్నాయి. 2021లో తుపాకులకు 48,830 మంది బలయ్యారు, అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. క్షణికావేశంలో చేతికందినది తుపాకీ అయితే మనసు మార్చుకునే వ్యవధి ఉండదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో జాతి విద్వేషానికి, 2023 మేలో టెక్సస్‌లోని అలెన్ మాల్ కాల్పులకు మన తెలుగు బిడ్డలు బలయ్యారు. మరోవైపు, 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతమయ్యాక ఆస్ట్రేలియా చట్టాలు బిగించి, డబ్బు చెల్లించి ఆరున్నర లక్షల తుపాకుల్ని వెనక్కి తీసుకుంది.

మన దగ్గరికొస్తే, రాయలసీమ ఫ్యాక్షన్ కక్షల్లో వేటకొడవళ్లు, నాటు బాంబులే ఎక్కువ ప్రాణాలు తీశాయి. పగ ఉన్నచోట తుపాకీ లేకపోయినా నెత్తురు పారుతుంది. కానీ తుపాకీ కూడా తోడైతే కాపలా ఉన్న చోటికీ చావు చేరుతుంది. 2015 నవంబర్ 17న చిత్తూరు మేయర్ కటారి అనురాధను నగరపాలక కార్యాలయంలోనే కాల్చి చంపారు.

తుపాకులన్నీ తీసేస్తే చేనుకు కాపలా ఎవరు? ఈ ప్రశ్న దాటవేస్తే దాని స్థానంలోకి కరెంటు తీగ వస్తుంది. 2023 మార్చిలో పక్క ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర అక్రమ విద్యుత్ కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. ఆ తీగ రాత్రిపూట పొలానికి వెళ్లే మనిషినీ వదలదు. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో అడవి పందులపై ఒక విధానం తెచ్చింది. అడవి అంచు నుంచి కిలోమీటరు లోపల వాటిని కాల్చకూడదు, ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టుకోవాలి, మూడు దాటితే అటవీ సిబ్బంది కాల్చవచ్చు. అడవికి ఆనుకునే బతికే అంచెట్టి, తళి పల్లెలకు ఇందులో ఒరిగేది తక్కువ. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు అధికారమిచ్చి, లైసెన్సున్నవారితోనే పందుల్ని కాల్పించే ఏర్పాటు చేసింది. ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో అక్కడ లెక్క ఉంటుంది.

కృష్ణగిరికి కావలసింది అలాంటి లెక్కే. రాగి కోతలకు ముందే కలెక్టరు, ఎస్పీ, అటవీ అధికారి అడవి అంచు పల్లెల్లో రైతులతో కలిసి కూర్చోవాలి. తుపాకుల అప్పగింత, పందుల్ని పట్టే బృందాలు, పంట నష్టపరిహారం మూడూ ఒకే రోజు, ఒకే చోట తేల్చాలి. పరిహారం కోత ముగిసేలోగా రైతు చేతికందాలి. అంతవరకూ ఆగకుండా, చూరులో మందు దట్టించిన గొట్టం ఉన్న ప్రతి ఇంటివారూ అది పిల్లల చేతికి చిక్కకముందే దాన్ని అప్పగించాలి.