చేతులు కలిపిన దారిలో.. బాల్టిక్ ట్రిప్!

'బాల్టిక్' అనగానే చాలామంది 'బాల్కన్' అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. బాల్కన్ దేశాలు యూరప్‌కి ఆగ్నేయాన ఉంటాయి. బాల్టిక్ దేశాలేమో ఉత్తరాన, బాల్టిక్ సముద్రం ఒడ్డున.. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా. మూడింటి జనాభా కలిపినా సుమారు 60 లక్షలే. మన హైదరాబాద్ కంటే తక్కువ!

మూడు చోట్లా యూరోలే నడుస్తాయి. ఒక్క షెంగెన్ వీసాతో మూడూ చుట్టేయొచ్చు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి.

మరి రూట్? చరిత్ర ఎప్పుడో గీసిపెట్టింది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు రహస్య ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ ఈ మూడు దేశాలనూ కలిపేసుకుంది. ఆ ఒప్పందానికి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, అంటే 1989 ఆగస్టు 23న, సుమారు 20 లక్షల మంది రోడ్ల మీదికొచ్చి ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా మానవహారం! మరో రెండేళ్లకు మూడూ స్వతంత్ర దేశాలుగా ప్రపంచం ముందు నిలబడ్డాయి.

మీరూ అదే దారిలో వెళ్లండి. టాలిన్‌లో టూంపియా కొండ మీదున్న పిక్ హెర్మన్ బురుజు దగ్గర మొదలుపెట్టండి. బస్సెక్కితే నాలుగైదు గంటల్లో రీగా. అక్కడ స్వేచ్ఛా స్మారకం చూసి, పాత జెప్లిన్ షెడ్లతో కట్టిన సెంట్రల్ మార్కెట్లో కడుపు నింపుకోండి. ఇంకో నాలుగు గంటల బస్సు ప్రయాణంలో విల్నియస్. కెథడ్రల్ స్క్వేర్‌లో ఆ మానవహారం ముగిసినచోట నేలలో ఓ పలక ఉంటుంది. దానిమీద నిలబడి గుండ్రంగా తిరిగి ఏదైనా కోరుకోవడం అక్కడ అలవాటు.

కలిసి నిలబడ్డా భాషలు మాత్రం వేరు. ఎస్టోనియన్ ఫిన్లాండ్ భాషకు దగ్గరి చుట్టం. లిథువేనియన్‌లో సంస్కృతం లాంటి మాటలు వినిపిస్తాయి.. అగ్నిని 'ఉగ్నిస్' అంటారు. ఎవరైనా 'అచూ' అంటే తుమ్మారనుకోకండి, థాంక్స్ చెప్పినట్టు!

జూన్ నుంచి ఆగస్టు దాకా మంచి సీజన్. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. రోజుకో దేశం అని పరుగులు పెట్టకుండా కనీసం వారం పెట్టుకోండి.

చివరగా ఒక్క మాట. అక్కడివాళ్లతో 'మీరు ఒకప్పటి రష్యావాళ్లేగా' అని మాత్రం అనకండి. ఆ మాట అనిపించుకోకూడదనే వాళ్లు చేతులు కలిపింది.