కొండవీటి చెరువుల నీళ్ళెవరు తాగేరు?

కార్తీకమాసం వచ్చిందంటే మన రాష్ట్రంలో చెట్లకి కూడా కులం పడుతుంది. ఈ ఉసిరిచెట్టు కింద ఒక కులం వారి వనభోజనం, ఆ మామిడితోపులో ఇంకో కులం వారిది. ఎవరి మైకు వారిది, ఎవరి ఫ్లెక్సీ వారిది. మొన్న కార్తీకంలో మేమూ ఒక కొండెక్కేం. మాకు ఫ్లెక్సీ లేదు. అరసవల్లి నించీ చుట్టుపక్కల పేటల నించీ పదకొండుమంది పిల్లలు, ముగ్గురం మేస్టర్లం. రాత్రి రైలెక్కి గుంటూరులో దిగి, అక్కణ్ణించి బస్సులో కొండవీడు చేరేం. గుంటూరు జిల్లాని ముక్కలు చేసిన తర్వాత, 2022 నించి అది పల్నాడు జిల్లా.

పాత మెట్లదారిన ఎక్కి, బురుజుల పక్కనించి చెరువుల మీదుగా కొండంతా చుట్టి, కొత్త ఘాట్‌రోడ్డున దిగేం. దారి పొడుగునా సీతాఫలం చెట్లూ, ముళ్ళకంపా. మధ్యమధ్య విరిగిన గోడలు, పైకప్పు లేని మండపాలు. నెయ్యి నిలవ చేసేవారట, ‘నేతికొట్టు’ అని ఒక కట్టడం ఇంకా నిలబడి ఉంది. అడివి మెల్లమెల్లగా కోటని తినేస్తోంది. తిననీ, నాకేం బాధ లేదు.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెబుతాను. అద్దంకి రెడ్లు పద్నాలుగో శతాబ్దంలో రాజధానిని ఈ కొండకి మార్చేరు. 1424తో వారి రాజ్యం పోయింది. తర్వాత మన కళింగాన్నీ ఏలిన గజపతుల చేతికొచ్చింది. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. ఆ తర్వాత గోల్కొండ నవాబులు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, పిల్లలు బట్టీ పట్టి పరీక్షల్లో రాస్తారు కూడా.

పుస్తకంలో లేనిది మా రెల్లి కుర్రాడు ఒకడు అడిగేడు. కొండమీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కోటకి రాజుల పేర్లు, చెరువులకి మన అమ్మవార్ల పేర్లు! ముత్యాలమ్మ చెరువు గట్టుమీద కూచుని అన్నాలు తింటుంటే వాడు, “ఇంత నీరు ఎవులు తాగీవోరు మేస్టారూ? మనల్ని ముట్టుకోనిచ్చీవోరా?” అన్నాడు.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక కోట చూపించడానికి తీసుకెళ్ళేరు. ఆ కోట పేరూ, ఆ బడి పేరూ ఎందుకు గాని, అక్కడి కాపలా మనిషి మా పేట పిల్లలు నలుగురికి మాత్రం దోసిట్లోకి ఎత్తునించి నీళ్ళు పోసేడు. మిగతావాళ్ళకి గ్లాసు. బురుజు ఎలాగుందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ నీళ్ళు మోచేతుల మీదుగా కారడం గుర్తుంది.

పిల్లలకి ఆ సంగతి చెప్పలేదు. బాబాసాహెబు కథ చెప్పేను. 1934లో ఆయన మన ఉద్యమ మనుషులు ముప్పైమందితో వేరూలు గుహలు చూడ్డానికి బయల్దేరి, దారిలో దౌలతాబాదు కోట దగ్గర ఆగేడు. అప్పుడది నైజాం రాజ్యం. ప్రయాణంలో ఒళ్ళంతా దుమ్ము. కోట వాకిట్లో నిండా నీళ్ళున్న చిన్న చెరువు కనబడితే కొందరు కాళ్ళూ మొహం కడుక్కున్నారు. అంతే! ఒక ముసలాయన ‘అంటరానివాళ్ళు చెరువు మైల చేసేరు’ అని కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చేడు. జనం పోగయ్యేరు. చివరికి ఏ షరతు మీద లోపలికి వదిలేరో తెలుసా? కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదు! వెంట తుపాకీ సిపాయి ఒకడు కాపలా. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూచుని వచ్చిన మనిషికి జరిగిన మర్యాద ఇది.

ఈ కథ పట్టుకుని ముస్లిముల మీదికి లేచేవారికి ఒక మాట. దానికి ఏడేళ్ళ ముందు, 1927 మార్చి 20న మహద్ చెరువులో మనవాళ్ళు దోసెడు నీళ్ళు తాగినందుకు కొట్టింది ఎవరు? తర్వాత పేడా పంచితం పోసి చెరువుని శుద్ధి చేసింది ఎవరు? దౌలతాబాదు ముసలాయనకి ఆ జబ్బు అంటించిన వారెవరో విడిగా చెప్పాలా?

కొండవీటి కింద ఫిరంగిపురంలో ఒక శాసనం ఉంది. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ 1409లో సంతానసాగరం అనే చెరువు తవ్వించిందని అది చెబుతుంది. శాసనం రాసినవాడు సాక్షాత్తూ శ్రీనాథుడు. రాణి ఉంది, రాజు ఉన్నాడు, కవి ఉన్నాడు. గునపం పట్టిన ఉప్పర లేడు, రాయి కొట్టిన ఒడ్డె లేడు. మట్టితట్ట ఎత్తిన ఆడమనిషి అసలే లేదు. ఆ రాణిగారి కొడుకు రాచవేముడు పురిటి సుంకం వేసేడనీ, ఆ కోపంతోనే సవరం ఎల్లయ్య వాణ్ణి పొడిచి చంపేడనీ చెబుతారు. అమ్మ సంతానం పేరున చెరువు తవ్విస్తే కొడుకు బిడ్డ పుట్టినందుకు పన్ను అడిగేడన్నమాట! కొండమీద ఈ ముక్క రాసిన బోర్డు మాకు కనబడలేదు.

ఇవన్నీ పాతకథలు కదా మేస్టారూ అంటారు. ఆ కొండకి మరీ దూరం కాని కారంచేడులో 1985లో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగవాడ మంచినీళ్ళ చెరువు దగ్గర. గేదెల కుడితి బాల్చీలు అందులో కడగొద్దన్నందుకు మొదలై ఆరుగురి ప్రాణాలు పోయేయి. మన వైపు, లక్ష్మీపేటలో 2012 జూన్ 12న మాలలు ఐదుగురిని చంపింది మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి దగ్గర. నీళ్ళయినా, నీళ్ళొదిలిన భూమయినా అంతే.

మన మిత్రుల్లోనే కొందరు ‘దొరల కోటలు మనకెందుకు, ఆ ఖర్చుతో ఇంకో సభ పెట్టుకోవచ్చు’ అని నన్ను కోప్పడ్డారు. నేను ఒప్పుకోను. మనం వెళ్ళకపోతే అక్కడ వాళ్ళ గైడే మాట్లాడతాడు. ఇంకొందరు ‘మనకీ రాజులుండేవారు, వాళ్ళని వెతుకుదాం’ అంటారు. వెతకండి, కాదనను. కాని ఆ రాజుని మోసినవాణ్ణి కూడా వెతకండి. నాకు రాజు దొరక్కపోయినా ఫరవాలేదు, ఆ చెరువు తవ్వినవాడు కావాలి.

పురావస్తు శాఖకి పిల్లలందరి సంతకాలతో అర్జీ పంపేం. అడిగింది పెద్దదేం కాదు. మూడు చెరువుల దగ్గరా మూడు బోర్డులు పెట్టి, వీటిని కట్టే పనీ తవ్వే పనీ ఏ కులాల మీద పడేదో తెలుగులో రాయమన్నాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చే కార్తీకంలో మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి రెండు బళ్ళ పిల్లలతో. వచ్చేవారు తెల్లారకముందే కొండకింద ఉండాలి, ఎండెక్కితే మెట్లు ఎక్కలేరు. మనిషికి రెండు సీసాల మంచినీళ్ళు తెచ్చుకోండి. ఆ చెరువుల నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగేలా లేవు.