పాత జీపు – కొత్త వేషము

పాత జీపు నొకదానిని కొని, బాగుచేయించి, కొండదారులను, వాగులను, ఇసుక మేటలను దాటింపవలెనను ఉత్సాహము నేడు మన యువకులలో ప్రబలుచున్నది. ఆ ఉత్సాహమును నిందించుట నా ఉద్దేశము కాదు. ఒక యంత్రమును విప్పి, దాని లోగుట్టు తెలిసికొని, తిరిగి బిగించుట విద్యయే. పుస్తకములలో దొరకని విద్య కూడ. కాని ఈ విద్య పేర జరుగుచున్న వ్యయములో అధికభాగము వేషమునకు పోవుచు, మిగిలిన చిల్లర మాత్రమే బండి ప్రాణమునకు దక్కుచున్నదని నా అభియోగము. ధనవంతుని సంగతి విడువుడు. అతడు ఒకటి చెడినచో మరియొకటి కొనును. నేను తలపోయునది, జీతపురాళ్ళలో నెలనెల కొంత వెనుకవేసి, ఆ కొంతతో ఇనుప గుఱ్ఱము నొకదానిని సాకవలెనని కోరు గృహస్థుని గూర్చి.

ఈ బండి పుట్టుక నొకసారి స్మరించినచో వాదము తేటపడును. 1940లో అమెరికా సైన్యము తేలికైనది, నాలుగు చక్రములకును శక్తి నందించునది యగు చిన్నబండి కావలెనని కోరగా బాంటం సంస్థవారు తొలి నమూనాను చేసి చూపిరి. 1941 మొదలు యుద్ధము ముగియువరకు విల్లీస్, ఫోర్డు సంస్థలు ఆరు లక్షలకు పైగా నిర్మించినవి. దాని ఇంజను 2.2 లీటర్లది, శక్తి 60 గుఱ్ఱములు మాత్రమే. ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 80 అంగుళములు. బరువు సుమారు 1,100 కిలోలు. టైరు వెడల్పు ఆరంగుళములు. ఈ సన్నని కాళ్ళతోనే అది ఆఫ్రికా ఇసుకలోను, ఇటలీ బురదలోను, బర్మా అడవులలోను తిరిగినది. యుద్ధానంతరము మహీంద్రావారు విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్ప మొదలిడిరి. అమెరికాలో 1953లో వెలువడిన సి.జె.-3బి నమూనా, ఎత్తైన బానెట్టుతో, మన దేశమున దశాబ్దములపాటు తయారైనది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు ఆఫీసు జీపు మన పల్లెలకు చుట్టమైనది. ఎన్నికల జీపు, రేంజరు జీపు దాని తోబుట్టువులు. 1985లో మారుతివారి జిప్సీ వచ్చినది. సైన్యము వేలము వేయగా జనుల చేతికి వచ్చిన జోంగాలు వేరు జాతి. జబల్పూరు కర్మాగారమున 1969 నుండి తయారైన ఆ పెద్దబండ్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను దప్పిక తీర్చుట సామాన్య గృహస్థునకు తరమా!

నేను చెప్పదలచిన దేమనగా, ఈ బండి మొదటినుండియు దారి లేనిచోట నడచుటకే పుట్టినది. దానిని అట్లు నడిపింపవలెనన్న దానికి క్రొత్త శరీరము నొసగ నక్కరలేదు. పోయిన ఆరోగ్యమును తిరిగి తెచ్చిన చాలును. ఈ చిన్న సత్యమును గుర్తించినవానికి సగము ఖర్చు అక్కడనే తగ్గును.

కుండ కొనునప్పుడు మన యాడువారు రంగు చూడరు. వ్రేలు మడచి తట్టి చూతురు. జీపు కొనునప్పుడు సుత్తితో చాసిస్సును అట్లే తట్టి చూడవలెను. గట్టి ఇనుము ఖంగుమనును. తుప్పు తిన్నది బొదబొదమనును. కమాను పట్టీల కొనలు చాసిస్సుకు తగులుచోట, స్టీరింగు పెట్టెను బిగించినచోట, క్రొత్తగా పూసిన నల్లరంగు మందముగ నున్నచో దాని క్రింద వెల్డింగు అతుకు లున్నవేమో గోకి చూడుడు. పైతొడుగు పుచ్చిపోయినను భయము లేదు. విజయవాడ ఆటోనగరువంటి చోట రేకుపని, లేతుపని తెలిసిన చేతులకు కొదువ లేదు. జీపు రేకు తిన్నని మడతలుగల రేకు, దానిని తిరిగి చేయుట సులువు. చాసిస్సు వంకర పోయినదా, అక్కడితో బేరము ముగిసినట్లే భావింపవలెను. ఇంజను పొగను జూచి బెదరి, మెరయు రంగును జూచి మురియువారు పెక్కుమంది. ఇంజను విప్పి బాగుచేయుట ఎంత పనియో ముందుగనే అంచనా వేయవచ్చును. వంకర చాసిస్సు ఎంత తినునో ఎవరును చెప్పలేరు.

ఇక నేటి వేషమునకు వత్తము. బండి యింటికి వచ్చిన మరునాడే యువకుని మనస్సు రెండు వస్తువులపైకి పోవును: పెద్ద టైర్లు, ఎత్తు పెంచు పట్టీలు. నేలకు బండికి నడుమ ఖాళీ పెరుగును గదా యని వారి వాదము. కొంచెము లెక్క చూతము. బండి అడుగున అన్నిటికంటె క్రిందికి వ్రేలాడునది ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు బుఱ్ఱ. కమానులను ఎంత ఎత్తు చేసినను ఆ బుఱ్ఱ నేలనుండి వెండ్రుకవాసియైన లేవదు, ఏలన అది చక్రములతో కూడ ఇరుసునకే అంటియున్నది. లేచునది పైనున్న శరీరము, అందు కూర్చున్న మనము. మనము లేచిన కొలది బండి గురుత్వకేంద్రము లేచును. ఏటవాలు గట్టుమీద పొర్లిపోవు ప్రమాదము పెరుగును. ఇరుసును లేపునది టైరు ఒక్కటే. అదియును సగమే: టైరు వ్యాసము నాలుగంగుళములు పెరిగినచో ఇరుసు లేచునది రెండంగుళములు.

ఆ రెండంగుళములకు చెల్లించు మూల్యమేమి? తొలి పౌర జీపులలో మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.43, ఇరుసు పండ్లచక్రముల నిష్పత్తి 5.38. మూడును గుణించినచో 36కు పైబడును. అనగా ఇంజను ముప్పదియారు చుట్లకు పైగా తిరిగిన గాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు. ఇంజను నిమిషమునకు వేయి చుట్లు తిరుగునపుడు బండి మనిషి నడకకంటె మెల్లగ ప్రాకును. అరువది గుఱ్ఱముల బండి పెద్దరాతి నెక్కగలుగుటకు రహస్య మిదియే. 29 అంగుళముల టైరును తీసి 33 అంగుళములది తొడిగినవాడు చక్రమువద్ద నుండవలసిన త్రోపుడు బలములో నూటికి 12 వంతులు తన చేతులార పోగొట్టుకొనుచున్నాడు. బరువైన చక్రమును ఆపుటకు పాత బ్రేకులు చాలవు. త్రిప్పుటకు పాత స్టీరింగు కీళ్ళు ఓర్వవు. మోయుటకు ఇరుసు కడ్డీలు తాళవు. ఒకటి మార్చగా నాలుగు మార్చవలసి వచ్చును. ఎలుకకు భయపడి పిల్లిని, పిల్లికి పాలకొరకు ఆవును తెచ్చుకొన్న సన్న్యాసి కథ మనవారికి క్రొత్త కాదు.

మొదటి కొలత టైర్లే తొడిగి, బురదకు తగిన లోతైన గాట్లుగలవి ఎన్నుకొని, దారి వదలిన వెంటనే గాలి తగ్గించినచో ప్రయోజనము మిక్కుటముగ నుండును. 28 పౌనుల గాలిని 16, 18 పౌనులకు దించినచో టైరు నేలపై పొడవుగా పరచుకొని, రాతిని కౌగిలించుకొనును, ఇసుకలో దిగబడదు. దీనికి కావలసినవి గాలికొలత సాధనము ఒకటి, తిరిగి గాలి నింపు చిన్నపంపు ఒకటి. రోడ్డెక్కునపుడు గాలి నింపుట మాత్రము మరువరాదు. ఇంత చౌకయైన ఉపాయము అంగడి అలమారలో మెరయదు కావున దానిని పొగడువారు తక్కువ.

నాలుగు చక్రముల శక్తి యనగా నాలుగును ఎల్లవేళల లాగునని పలువురి భ్రమ. మామూలు డిఫరెన్షియలు, రెండు చక్రములలో ఏది తేలికగ తిరుగునో దానికే తిరుగుడును ధారపోయును. ముందు చక్రమొకటి, దాని కెదురు మూలనున్న వెనుక చక్రమొకటి గాలిలో లేచినచో ఆ రెండును గిరగిర తిరుగుచుండగా నేలనున్న రెండును మౌనము వహించును. లాకరు అను సాధనము దీనికి మందు. దానికి డబ్బు లేనివాడు విచారింప నక్కరలేదు. కమాను పట్టీలను విప్పి, తుప్పు గీకి, కందెన పూసి, బిగిసిపోయిన షాకిలు బుష్షులను మార్చినచో ఇరుసు పైకి క్రిందికి స్వేచ్ఛగ ఆడును, చక్రము నేలను విడుచుట తగ్గును. మరియొక మాట: ఈ బండ్లలో పొడి తారురోడ్డుపై నాలుగు చక్రముల గేరు వేసి నడుపరాదు. మలుపులో ముందుచక్రములు ఎక్కువదూరము తిరుగవలసి యుండును. ముందు వెనుకల నడుమ ఆ భేదమును సర్దు సాధనము లేదు గనుక, గేర్లు మెలిబడి బిగుసుకొనును.

నీటి విషయమున మనవారి సాహసము చూచిన గుండె జల్లుమనును. ఎండలో పరుగెత్తి కాగిన ఇరుసు వాగునీటిలో మునిగినపుడు లోపలి గాలి ఒక్కసారిగ ముడుచుకొని, అరిగిన సీళ్ళ సందులనుండి నీటిని లోనికి పీల్చును. మరునాడు నూనె విప్పి చూచినచో మజ్జిగవలె తెల్లగ నుండును. ఆ మజ్జిగలో బేరింగులు ఎన్నాళ్ళు బ్రతుకును? ఇరుసు ఊపిరిగొట్టమునకు ఒక రబ్బరు గొట్టము తగిలించి బానెట్టు ఎత్తువరకు పైకి తెచ్చి కట్టుట ఒక పూట పని. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ తీగలు లేవు గనుక తడికి జంకదని ధీమాగ దిగువారున్నారు. గాలి పీల్చు మార్గమున నీరు సిలిండరులోనికి పోయినచో గాలివలె అది అణగదు. కనెక్టింగు రాడ్డే వంగును. లోతైన నీటిలో దిగుటకు ముందు ఫ్యాను బెల్టును విప్పు పాత డ్రైవర్ల అలవాటు చాదస్తము కాదు. రెక్కలు నీటిని ఇంజనుపై చిమ్మకుండుటకు, నీటి ఒత్తిడికి వంగి రేడియేటరును చీల్చకుండుటకు వారు చేసిన ఏర్పాటది.

ఇక బ్రేకులు. దారిలేని దారికి బయలుదేరు ప్రతి జీపు అక్కడికి రోడ్డుమీదనే పోవలెను, రోడ్డుమీదనే తిరిగి రావలెను. పాత నమూనాలలో బ్రేకునూనెకు ఒకటే వలయము. ఒకచోట కారినచో నాలుగు చక్రములకును బ్రేకు పోవును. డ్రమ్ములో నీరు చేరిన తరువాత, వాగు దాటిన మొదటి మలుపులో బండి మాట వినదు. పెడలు మెల్లగ నొక్కి కొంతదూరము నడిపి లైనర్లను ఆరబెట్టవలెను. ముందు చక్రముల కింగ్‌పిన్ బేరింగులు వదులైనచో వేగమున స్టీరింగు గడగడ వణకును. ఇన్ని జబ్బులుండగా వాటిని విడిచి నెత్తిన ఎనిమిది దీపములు, ముక్కున విద్యుత్ గిలక బిగించుకొన్న బండ్లను చూచుచున్నాము. గిలక లేకున్నను తోడుగ రెండవ బండి, గట్టి తాడు, చాసిస్సుకు నట్టుబోల్టులతో బిగించిన కొక్కెములు, ఒక పార యున్నచో పెక్కు గండములు గడచును. తాడును బంపరుకు కట్టి లాగకుడు. ఊడివచ్చిన ఇనుపముక్క తుపాకిగుండుతో సమానము.

ఈ విద్య కంతకును గురువులు మన మన్యముననే యున్నారు. మారేడుమిల్లినుండి గుడిసె కొండ మీదికి తెల్లవారుజామున యాత్రికులను చేర్చు జీపులను, బొర్రా దాపున కటికి జలపాతపు రాతిదారిలో ప్రాకు జీపులను ఎరుగుదుము గదా! వాటిలో పెక్కింటికి పొడవు కాళ్ళు లేవు, దీపముల కిరీటములు లేవు. నడుపువాడు ఏ రాతిమీద ఏ చక్రము పెట్టవలెనో ముందుగ చూచి పెట్టును. అతనికి అది కూలి, మనకు వేడుక. వేడుకకు వెళ్ళినవాడు ఉన్నబాట విడిచి గడ్డికొండను దున్నుట, ఊరివారు నీరు తెచ్చుకొను వాగును ఇంజను నూనెతో కలచుట నేను సహింపలేను. అటవీశాఖ అనుమతి లేనిచోట బండి చక్రము మోపుట నేరము కూడ.

చట్టము మాట వచ్చినది కావున దానినిగూర్చి నాలుగు వాక్యములు. సొంతబండికి పదునైదేండ్లు నిండిన పిమ్మట పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిలునుండి కార్ల తరగతికి ఆ రుసుము 600 రూపాయలనుండి 5,000కు, ఇరువదేండ్లు దాటినవాటికి 2025లో 10,000కు పెరిగినది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును వ్యాఖ్యానించుచు, తయారీదారుడు నిర్దేశించిన మూలరూపమునకు భిన్నముగ బండిని మార్చరాదని తీర్పు చెప్పినది. 2021నాటి వింటేజి నియమములు ఏబదేండ్లు దాటినవానికి గౌరవ మిచ్చినవి గాని, వాటి రూపమును గణనీయముగ మార్చియుండరాదని షరతు విధించినవి. అధికముగ ఎత్తు పెంచిన బండ్లను కట్టడి చేయుట న్యాయమే. పైన చెప్పిన గురుత్వకేంద్రపు లెక్కయే దానికి సాక్ష్యము. కాని పాతజీపు ముందు చక్రములకు డిస్కుబ్రేకులు పెట్టించుకొని ఎదుటివాని ప్రాణమునుకూడ కాచినవాడును, ఆరంగుళములు లేపి ఊరేగువాడును ఒకే అనుమానపు నీడన నిలువవలసి వచ్చుట నాకు సమంజసముగ తోచదు. భద్రతను పెంచు మార్పులివి, చెరచు మార్పులివి యని విడదీసి, రవాణాశాఖవారు సామాన్యునకు తెలియు తెలుగులో ఒక పట్టిక ప్రకటింపవలెను. పరీక్షకు వచ్చిన బండి రంగును గాక బ్రేకును కొలిచి చూడవలెను. అట్టి పట్టిక వెలువడువరకు, పాతజీపు కొనదలచినవారు రిజిస్ట్రేషను కాగితమును చేతబట్టుకొని, చాసిస్సు సంఖ్య సరిపోల్చుకొని, బానెట్టు క్రిందనున్న ఇంజను ఆ కాగితమున వ్రాసినదేనా, దారిలో ఎవరైన మార్చిరా యని విచారించుకొని, ఆ తరువాతనే బయానా ఇచ్చుట మేలు.