మొదటి అడుగు ఎవరిది?

మేము వాక్య పరిచర్యకై మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలకు వెళ్లినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. 'అయ్యగారూ, తప్పు మావాడిది. నేనెందుకు ముందు వెళ్లాలి?' పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా అది. అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతారు, టమోటా మండీలో ఎదురుపడితే మాత్రం మొహం తిప్పుకుంటారు.

ఇలాంటి పంతమే లోకాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా వణికించింది. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరికొకరు భయపడి వేలకొద్దీ అణ్వాయుధాలు పోగేసుకున్నాయి. 1986 అక్టోబరులో రీగన్, గోర్బచేవ్ ఐస్‌లాండ్‌లో కలిసినా ఒప్పందం కుదరలేదు. అయినా మాటలు మానలేదు. 1987 డిసెంబరు 8న సంతకాలు చేశారు. 1991 నాటికి ఇరుపక్షాలూ 2,692 క్షిపణులను ధ్వంసం చేశాయి. ఒకరి తనిఖీదారులు మరొకరి గడ్డకు వెళ్లి కళ్లారా చూసుకున్నారు. 1988 డిసెంబరు 7న గోర్బచేవ్, అవతలివారు ఏమిస్తారని అడగకుండానే, 5 లక్షల సైన్యాన్ని తగ్గిస్తామని ఐక్యరాజ్యసమితిలో ప్రకటించారు. ఆయుధాల ఖర్చుతో ఆయన దేశం కుంగిపోయిన మాట నిజమే. కానీ కుంగిపోయిన ప్రతివాడూ కత్తి దించడు కదా!

విశ్వాసులూ ఊరుకోలేదు. తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ నికొలస్ చర్చిలో ఏళ్ల తరబడి ప్రతి సోమవారం శాంతి కోసం ప్రార్థించారు. 1989 అక్టోబరు 9న ఆ నగర వీధుల్లో దాదాపు 70 వేలమంది నడిచారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నా తూటా పేలలేదు. సరిగ్గా నెలకు, నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది.

అయితే కుదిరిన సమాధానాన్ని కాపాడుకోవాలి. ఆ 1987 ఒప్పందం 2019 ఆగస్టులో రద్దయింది. అనుమానం మళ్లీ తలెత్తితే పాత గోడలకు కొత్త ఇటుకలు దొరుకుతాయి.

బలిపీఠం దగ్గర అర్పణను విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23,24). తప్పెవరిదో తేల్చుకుని రమ్మనలేదు. మన మీద అతనికి ఏదో ఉందని గుర్తుకొస్తే చాలు, మనమే వెళ్లాలన్నాడు. అంత పెద్ద రాజ్యాలే దిగివచ్చాయి. ఒక గట్టు కోసం, ఒక సంఘ పదవి కోసం మనకెందుకీ బిగింపు? వచ్చే ఆదివారం మందిరానికి వెళ్లే దారిలో ఆ ఇంటి ముందు ఒక్క క్షణం ఆగుదాం. తలుపు మనమే తడదాం. ఆ తర్వాతే కానుక పట్టుకుని దేవుని సన్నిధికి వెళదాం.